కిలోకు మీకు మిగిలేది 70 కాదు, 26

ప్రశ్న: మాది కాశీబుగ్గ. జీడిపప్పు కొని, ఇంట్లోనే అరకిలో ప్యాకెట్లు కట్టి విశాఖ, హైదరాబాద్ పంపిస్తాను. గుండు పప్పు (విరగని పూర్తి గింజ) కిలో 780కి కొని 850కి అమ్ముతున్నాను. మరొకరు 800కే ఇస్తున్నారు. కాస్త బద్ద (రెండుగా విడిపోయిన పప్పు) కలిపితే గిట్టుబాటవుతుందని నాకు సరుకిచ్చే వ్యాపారి అంటున్నారు. పెళ్లి ఆర్డరుకు వచ్చిన 40,000 అడ్వాన్సు పాప ఫీజుకు వాడేశాను. రెండు లక్షలు అప్పు చేసి వ్యాపారం పెంచవచ్చా?

జవాబు: అమ్మా, బద్ద కలపకండి. నేను చూసిన చిన్న వ్యాపారాల్లో కల్తీ ఎక్కువగా మొదలయ్యేది లెక్క తేలని చోటే. కష్టపడుతున్నా చేతిలో డబ్బు కనపడకపోతే ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది.

మీరు పంపిన చిట్టానే చూద్దాం. వంద కిలోలు జల్లెడ పడితే రెండు కిలోలు ముక్కలవుతున్నాయి, వాటిని 600కి అమ్ముతున్నారు. అంటే గుండు కిలో మీకు పడుతున్నది 784. కవర్లు, లేబుళ్లకు 14, పార్సిలుకు 16, ప్యాకింగుకు వచ్చే అమ్మాయికి 10. మొత్తం 824. మిగిలేది 26, అందులోనే మీ రెక్కల కష్టమూ ఉంది. 800కి దిగితే కిలోకు 24 రూపాయలు మీరే ఎదురు పెట్టాలి. అందుకే దిగవద్దు. తక్కువ ధర అడిగేవారికి బద్ద విడిగా కట్టి, ప్యాకెట్ మీద ‘బద్ద’ అని పెద్ద అక్షరాలతో వేసి, దాని ధరకే ఇవ్వండి.

గుండు విషయంలో ఒక పని చేయండి. గింజ సైజును బట్టి గుండుకు రకాలుంటాయి. 320 రకమంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు. అరకిలోకు సుమారు 330 నుంచి 352. సరుకు వచ్చిన రోజే అరకిలో తూచి పళ్లెంలో పోసి లెక్కపెట్టండి. 380 వస్తే అది చిన్న రకం, వెనక్కి పంపండి. కవరు బరువు పప్పులో కలవకూడదు. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి. ప్యాకెట్ మీద నికర బరువు, కట్టిన నెల, గరిష్ఠ ధర, మీ చిరునామా, ఫోను నంబరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు తప్పనిసరి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 40,000. సరుకు ఇచ్చేదాకా అది పెళ్లివారి సొమ్ము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలను ఎలా కూల్చిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. ఆర్డరుకూ పెళ్లికీ మధ్య ధర ఎగబాకితే ఏ డబ్బుతో కొంటారు? ఇంట్లో ఉన్న పొదుపు తీసైనా ఈ వారమే ఆ సరుకు కొని, గాలి చొరని డబ్బాల్లో పెట్టండి. ఇకపై అడ్వాన్సులకు వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. ఇంటి ఖర్చుకు నెలకు ఒక మొత్తం జీతంలా తీసుకోండి. గల్లాపెట్టెలో మరెవరి చెయ్యీ పడకూడదు.

అప్పు ఇప్పుడు వద్దు. 26 రూపాయల లాభంతో రెండు లక్షల వాయిదా కట్టాలంటే ప్రతి నెలా కొన్ని వందల కిలోలు అమ్మాలి. మూడు నెలలు పుస్తకంలో రోజువారీ లెక్క రాయండి. పాత కొనుగోలుదారులే మళ్లీ అడుగుతూ, సరుకు చాలక ఆర్డర్లు వదులుకునే పరిస్థితి వస్తే ఆ పుస్తకం పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. ముద్ర పథకంలో 50,000 దాటి 5 లక్షల దాకా ‘కిశోర్’ రుణం ఉంది. మొదట 75,000 చాలు.