పాత రివాల్వర్: పూత, తూటాలు, వీసా

ప్రశ్న: నేను అమెరికా పౌరుణ్ణి, డాలస్‌లో ఉంటాను. లైసెన్సున్న దుకాణంలో స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ మోడల్ రివాల్వర్ ఒకటి కొన్నాను. సీరియల్ నంబరు వి అక్షరంతో మొదలవుతోంది, బ్యారెల్ 5 అంగుళాలు. బూడిద రంగు అక్కడక్కడా పోయి కాస్త తుప్పు పట్టింది. నిగనిగలాడేలా నీలి పూత వేయించాలనుకుంటున్నా. తూటాలు కూడా ఇంట్లోనే నింపుకోవాలని ఉంది. సలహా ఇవ్వండి సార్.

జవాబు: పూత జోలికి మాత్రం వెళ్లకండి, దయచేసి. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1942 నుంచి 1945 దాకా హడావిడిగా తయారుచేసిన తుపాకి అది, మెరుపు లేని ఆ గరుకు బూడిద రంగే దాని అసలు రూపం. విక్టరీ మోడల్ నల్లగా మెరుస్తూ కనిపించిందంటే తర్వాత ఎవరో చెయ్యి పెట్టారని తెలిసినవాళ్లు దూరం నుంచే చెప్పేస్తారు, ధర అక్కడే పడిపోతుంది. నిజానికి నష్టం చేసేది పూత కూడా కాదండీ, దానికి ముందు పట్టే పాలిష్. చక్రం మీద పెట్టి రుద్దితే అంచుల పదును పోతుంది, అక్షరాలు అలుక్కుపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి. సీరియల్ నంబరు చెరిగిందని తెలిసీ ఆ తుపాకిని దగ్గర ఉంచుకుంటే అది ఫెడరల్ నేరం కూడా.

తుప్పుకి నూనె చాలు. పట్టించి ఒకటి రెండు రోజులు వదిలేసి, రాగి పీచుతో మెల్లగా రుద్దండి. ఆ పీచుని ముందు అయస్కాంతంతో చూడండి, అంటుకుంటే అది రాగి రంగు పూసిన ఉక్కు, గీతలు పెడుతుంది. లోపల శుభ్రం చేయాలంటే పక్క పలక తీయాలి. స్క్రూలకి సరిగ్గా సరిపోయే తుపాకి స్క్రూడ్రైవర్ కొనుక్కోండి. స్క్రూలు తీశాక పలకని దేనితోనూ ఎత్తకండి, పిడి చెక్కలు తీసేసి ఆ ఉక్కు ఫ్రేము మీద చెక్క సుత్తితో చిన్నగా తడుతూ ఉంటే పలక తనంతట తనే పైకి లేస్తుంది. ఎత్తిపెట్టి లాగినవాళ్లు అంచు వంచేసుకున్నారు, ఆ సందు ఇక మూసుకోదు.

ఇంకో మాట. సీరియల్‌లో వి ముందు ఎస్ లేకపోతే మీది పాత రకం సేఫ్టీ అయ్యుండాలి. 1944లో అలాంటిది కిందపడి పేలి ఒక నావికుడు చనిపోయాకే కంపెనీ లోపల సుత్తిని (తూటాని కొట్టి పేల్చే భాగాన్ని) ఆపే ముక్కని మార్చింది, కొత్తవాటికి ఎస్‌వి అని పెట్టింది. కాబట్టి ఆ సుత్తి కిందికి వచ్చే తూటా గదిని ఖాళీగా ఉంచండి.

ఇక తూటాల సంగతి. మొదలుపెట్టే ముందు అసలు మీ సిలిండర్‌లో ఏ తూటా పడుతుందో తేల్చుకోండి. 5 అంగుళాల బ్యారెల్ ఉన్నవి ఎక్కువగా బ్రిటన్‌కి వెళ్లాయి, వాటికి .38 ఎస్ అండ్ డబ్ల్యు తూటా వాడేవారు, అది పొట్టిగా, కాస్త లావుగా ఉంటుంది. యుద్ధం తర్వాత వాటిలో చాలావాటి సిలిండర్‌ని తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేసి అమెరికాలో అమ్మారు. అలాంటిదైతే కాల్చిన తొడుగు (తూటాలో మందు పట్టే ఇత్తడి గొట్టం) కింది భాగం ఉబ్బి బయటికొస్తుంది, త్వరగా పగులుతుంది కూడా. బ్యారెల్ కూడా స్పెషల్ గుండుకి వదులే, గురి కుదరదు. అందుకే మంచి గన్‌స్మిత్ చేత సిలిండర్ కొలిపించి తర్వాత తూటాలు నింపే ప్రెస్సూ, దాన్లో పెట్టే డైలూ (అచ్చులూ) కొనండి, ఎందుకంటే ఆ రెండు రకాల తూటాలకీ డైలు వేరు.

.38 స్పెషల్ వచ్చింది నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలం చివర్లో, 1898 ప్రాంతంలో. అందుకే తొడుగు అంత పొడుగు. ఇప్పటి మందు అందులో అడుగున కొంచెమే ఉంటుంది, ప్రమాదమంతా అక్కడే: రెండుసార్లు పోసినా పైకి పొంగదు, మీకు తెలియదు. తొడుగులన్నీ ట్రేలో నిలబెట్టి, గుండు పెట్టే ముందు ఒక్కొక్కదాంట్లోకీ టార్చి వేసి చూడాలి. ఫోన్ మోగితే ఆ తొడుగు ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచి పోయండి. మందు అసలు పడకపోయినా ముప్పే, ప్రైమర్ (తొడుగు అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల) ఒక్కటే గుండుని బ్యారెల్‌లోకి తోసి అక్కడ ఇరికిస్తుంది. కాల్చినప్పుడు శబ్దం మామూలుగా లేకపోతే ఆపేయండి. ఆ వెనక ఇంకోటి కాల్చారా, బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగులుతుంది.

ఎంత మందు పోయాలో మందు కంపెనీ తాజా పుస్తకంలోనే చూడండి, ఎవరో చెప్పిన లెక్క వద్దు. .38 స్పెషల్ లోపలి ఒత్తిడికి పరిమితి 17,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ప్లస్ పి అని అమ్మే ఎక్కువ ఒత్తిడి రకానికి 20,000. మీ తుపాకిలో ప్లస్ పి అసలు వద్దు, కింది లెక్కతో మొదలుపెట్టి అక్కడే ఉండండి, కాగితానికి చిల్లు పడితే చాలు కదా. సీసం పని వంటగదిలో పెట్టుకోకండి, పిల్లలున్న ఇంట్లో మరీనూ. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ ముట్టుకోవద్దు.

ప్రశ్న: నేను హెచ్‌1బి మీద ఉన్నాను. ఫ్రెండ్ రివాల్వర్ రేంజ్‌కి తీసుకెళ్లి ఒకసారి కాల్చి చూడొచ్చా?

జవాబు: మామూలుగా కుదరదు. ఇమిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, అది మీదా స్నేహితుడిదా అన్నది లెక్కలోకి రాదు. చెల్లుబాటయ్యే స్టేట్ హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. ముందు లైసెన్స్ తీసుకోండి, ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగండి, ఆ తర్వాతే రేంజ్‌కి వెళ్లండి.