కెమెరా తీసేసి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు రాసిన ఆట కాగితాలు అందాయి. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ వీరుల వేషాలు కడతారు, ఒకడు కథ నడుపుతాడు, ఆ వీరులు డంజన్ అనే రాక్షసుల నేలమాళిగలో గది తర్వాత గది దాటడం టీవీలో చూపిస్తారు, అదీ నీ ఆట. మూడో గది దగ్గరికి వచ్చేసరికి విసుగొచ్చి బల్ల మీద పడేశాను. అక్కడ నీ కామెంటేటర్ పేజీన్నర పాటు అరిచాడు. అద్భుతమట, అపూర్వమట, చరిత్రలో కనీవినీ ఎరగనిదట. వాడు అరుస్తున్నంతసేపూ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ ఏం చేస్తారమ్మా? పాచికలు చేతిలో పట్టుకుని కారప్పూస నములుతారు.

మర్నాడు పొద్దున్న మళ్లీ తీసి చదివాను. అయిదో గది కనబడింది. ఈటె పట్టిన కుర్రాడు దెబ్బ తిని పడి ఉన్నాడు. ప్రేక్షకుల ఓట్లు పడితే పైనుంచి మందు సీసా దిగుతుంది. సరిగ్గా అప్పుడే వాళ్ల ఊళ్లో కరెంటు పోయింది. టీవీలు ఆగిపోయాయి, ఓట్లు పడలేదు, సీసా దిగలేదు. వాళ్లమ్మ చీకట్లో టీవీ ముందు అలాగే కూర్చుని ఉంటుందని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. బాగుంది. ఆ గది కోసమే ఈ ఉత్తరం.

ఇప్పుడు ఒక పని చెయ్యి. నీ పన్నెండు గదుల్లోనూ కెమెరా అన్న మాట వచ్చిన చోటల్లా కొట్టేసి చదువు. అయిదో గది కుప్పకూలుతుంది. మిగతా పదకొండూ చెక్కు చెదరవు. అంటే ఆ పదకొండు గదుల్లో నువ్వు టీవీ ఆట రాయలేదు. మామూలు డంజన్ రాసి, గోడలకి కెమెరాలు తగిలించావు. డాలు మీద కంపెనీ బొమ్మ వేస్తే స్పాన్సర్ వచ్చినట్టు కాదు.

ఈ సరుకు కొత్తది కాదని నీకూ తెలుసు. 2002లో బ్రెండన్ లసాల్ అనే అమెరికన్ ఇలాంటి ఆటే, ‘ఎక్స్‌క్రాల్’ తెచ్చాడు. మంత్రాలు పనిచేసే ఇప్పటి అమెరికా అది. డంజన్‌లోకి దిగి కొట్టుకోవడం అక్కడ టీవీలో చూపించే క్రీడ, దిగేవాళ్లు సెలబ్రిటీలు. డంజన్ కట్టేవాణ్ణి డీజే అంటారు, అంటే డంజన్ జడ్జి. నాకు అందులో బాగా నచ్చింది ఈ డీజేయే. మామూలు ఆటలో నిప్పులు కక్కే జంతువు పక్క గదిలోనే పదిమంది మరుగుజ్జులు హాయిగా ఎలా కాపురం ఉంటున్నారని ఎవడైనా అడిగితే నడిపేవాడు నీళ్లు నములుతాడు. ఇక్కడ జవాబు సిద్ధంగా ఉంది: ఒకడు తెచ్చి పెట్టాడు కాబట్టి. ఎందుకు పెట్టాడు, ఎవరి డబ్బుతో పెట్టాడు అన్నదే కథ. నువ్వు మాత్రం ఆ మనిషిని వదిలేసి నీ ఆటలోని సామ్రాజ్యం పుట్టుపూర్వోత్తరాలు పదకొండు పేజీలు రాశావు. ఇప్పుడందరికీ ఇదే జబ్బు. వంశవృక్షం లేనిదే కత్తి తియ్యరు.

పోటీ అన్నది ఈ ఆటలకి పైనుంచి అతికించింది కూడా కాదు. వీటన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. మర్నాడే అన్నట్టు 1975లో ఓరిజిన్స్ అనే ఆటల సమావేశంలో ఆ ఆటని తయారుచేసినవాళ్లలో ఒకడైన గ్యారీ గైగాక్స్ రాసిన ‘టూమ్ ఆఫ్ హారర్స్’ అనే సమాధి డంజన్ని పోటీకి పెట్టారు. అది ఎంత కిరాతకమో ఆడినవాళ్లకి తెలుసు. కాలు తీసి కాలు వేస్తే చావు. ఎవరు ఎంత దూరం వెళ్లగలరో తేల్చడానికి అలాంటి సమాధే కావాలి.

టీవీ వస్తే రూలు మారుతుందమ్మా. 1977లో కెర్రీ ప్యాకర్ అనే టీవీ యజమాని సొంతంగా క్రికెట్ పోటీలు పెట్టాడు. ఫ్లడ్‌లైట్లు, రంగు బట్టలు, తెల్ల బంతి అక్కణ్ణుంచే ఊపందుకున్నాయి. అంతదూరం ఎందుకు, మన చెడుగుడు చూడు. మేం గోదావరి లంకలో ఇసక మీద ఆడేటప్పుడు దమ్మున్నంతసేపు కూత పెట్టేవాళ్లం. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక కూతకి ముప్పై సెకన్లు. వరసగా రెండు కూతలు ఉత్తివి పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే వాడే అవుట్. బరిలో ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు కూతకొచ్చినవాణ్ణి పట్టేస్తే ఒక పాయింటు ఎక్కువ. ఇవన్నీ ఆడేవాడి సుఖం కోసం పెట్టినవి కావు. సోఫాలో కూర్చున్నవాడి వేలు రిమోట్ మీదికి పోకుండా పెట్టినవి.

అలాంటిది నీ డంజన్‌లో ఒక్కటి చూపించు. వరసగా రెండు గదులు కొట్లాట లేకుండా దాటితే మూడో గది తలుపులు వాటంతటవే మూసుకుపోవాలి. అప్పుడు దొంగగా జారుకోవడం కూడా లెక్కపెట్టి చేస్తారు. ఐపీఎల్‌లో టైమ్‌అవుట్ ఉంది కదా, రెండున్నర నిమిషాలు. నీ ఆటలోనూ ప్రకటనల కోసం కత్తులు ఆగాలి. కానీ ఒంట్లోకి ఎక్కిన విషం ఆగకూడదు. కూల్‌డ్రింక్ కంపెనీ వాళ్లు డబ్బిచ్చారంటే, పోరాటం మధ్యలో వాళ్ల సీసా ఎత్తి తాగాలని ఒప్పందంలో ఉండాలి. తాగితే కత్తి తిప్పే వంతు ఒకటి పోతుంది, తాగకపోతే డబ్బు పోతుంది. నీ ఆటగాళ్లు దాని గురించి అరగంట కొట్టుకుంటారు చూడు.

స్పాన్సర్ అంటే ఏమిటో నాకు ఒక వారపత్రిక నేర్పింది. పేరెందుకులే. నా కథ చివరి అరపేజీ ఎగిరిపోయి ఆ స్థలంలో తలనూనె ప్రకటన వచ్చింది. కథలో ముసలాయన గేటు దాకా నడిచాడు, దాని కింద ఒకావిడ జుట్టు విరబోసుకుని నవ్వుతోంది. ఎడిటర్‌గారిని అడిగితే ‘‘ముగింపు పాఠకుల ఊహకి వదిలేశాం’’ అన్నాడు. పైగా ఆ ముగింపు గొప్పగా ఉందని ఉత్తరాలు కూడా వేశాడు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

పరిషత్తు నాటికలు రాసిన రోజుల్లో ఇంకో సంగతి. టైము దాటితే మార్కులు కోసేవారు. స్టేజి పక్కన ఒకాయన చేతి గడియారం పైకెత్తి మా తాత వేషధారికి చూపించాడు. మావాడు చూశాడు. దగ్గు మొదలెట్టి, రెండు పేజీల డైలాగులు మింగేసి, కొడుకు రాకముందే ప్రాణం విడిచాడు. కొడుకు వేషంవాడు లోపలికొచ్చి నిజంగానే బిత్తరపోయాడు. హాలంతా ఏడుపు. నేను రాసిన చావుకన్నా ఆ గడియారం రాసిన చావే బాగుంది. ముందు వరసలో కూర్చున్న జడ్జీ మాత్రం మార్కులన్నీ సెట్టింగుకి వేశాడు, అది వేరే సంగతి.

కెమెరా చూసేది ఎంత ముఖ్యమో, చూడనిదీ అంతే. సంక్రాంతికి మన పక్క ఏం జరుగుతుందో నీకు చెప్పాలా? కోడిపందేలు కోర్టు వద్దంటుంది, బరి పడుతుంది. ఇప్పుడు ఎల్‌ఈడీ తెరలు కూడా వచ్చాయి. బరికి పది అడుగుల దూరంలో నిలబడి తల పైకెత్తి తెరలో చూస్తారు జనం. కానీ పందెం గట్టిగా కాసేవాడు తెర చూడడు. కత్తి కట్టేవాడి చేతులు చూస్తాడు. ఆయన కోడిని చంకలో ఇరికించుకుని, కాలికి మెత్తగా గుడ్డ చుట్టి, దారం పళ్లతో పట్టి బిగిస్తాడు. ఆ బిగువు తెరమీద కనబడదు. నీ డంజన్‌లో రాక్షసులకి తిండి పెట్టేదెవరు? బోను తలుపు తీసేదెవరు? ఆట అయ్యాక నెత్తురు కడిగేదెవరు? వాళ్లలో ఒకణ్ణి కెమెరాకి అందని మూల నిలబెట్టు. ఆటగాళ్లు వాణ్ణి వెతుక్కుంటూ వస్తారు.

ఇక ఆ కామెంటేటర్. తీసెయ్యమనను. వాడి గొంతు లౌడ్‌స్పీకర్‌లో డంజన్ అంతా వినబడుతుందని పెట్టు. ‘‘స్తంభం వెనక నక్కాడండీ మన విలుకాడు!’’ అని వాడు మురిసిపోతే, స్తంభం ఇవతల ఉన్న రాక్షసికీ చెవులున్నాయి కదా. అప్పుడు ఆటగాళ్లు రాక్షసిని వదిలి ముందు వాడి నోరు ఎలా మూయించాలా అని చూస్తారు. పేజీన్నర అక్కర్లేదు, వాక్యం చాలు.

ఇరవై ముఖాల పాచికా, ఆరు ముఖాలదా అని అడిగావు. ఇంగ్లీషులో రాస్తే ఎక్కువమంది ఆడతారా అనీ అడిగావు. ఎవరు అచ్చేస్తారనీ అడిగావు. అవేవీ నన్ను అడక్కు, నాకు బీపీ ఉంది.

ఆదివారం మా ఇంటికి పిల్లలు ఆడడానికి వస్తారు. అయిదో గదీ, కొత్త రూళ్లూ ఒక్క కాగితం మీద రాసుకుని రాజోలులో పొద్దున్న బస్సెక్కు. ఆట నువ్వే నడపాలి, నేను మూల కుర్చీలో కూర్చుని నోరెత్తను. భోజనం ఇక్కడే. చేపలు తినవంటే ముందే ఫోన్ చెయ్యి, మీ పిన్నిగారు వంకాయ వండుతుంది.

ఉంటాను.