78 ఫార్ములాలు బట్టీ పట్టకుండా క్యూబ్‌లో వేగం రాదా?

ప్రశ్న: మావాడు ఏడో తరగతి. ఒక్కో లేయర్ పూర్తి చేసుకుంటూ వెళ్ళే పద్ధతిలో రూబిక్స్ క్యూబ్‌ని ఒకటిన్నర నిమిషంలో చేసేస్తాడు. అపార్ట్‌మెంట్‌లో ఫ్రెండ్స్ సీఎఫ్ఓపీ అనే పద్ధతి నేర్చుకుని ముప్ఫై సెకన్లలోపే ముగిస్తున్నారని వీడూ దాని ఫార్ములాల (ఏ వరుసలో తిప్పాలో చెప్పేవి) చార్ట్ గోడకి అంటించుకున్నాడు. రెండు నెలలైంది, పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికి మర్చిపోయి ఏడుస్తున్నాడు. ఇంకో దారి లేదా?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఉందండీ. ముందు ఆ చార్ట్ గోడ మీంచి తీసేయండి. సీఎఫ్ఓపీ మంచిదే, పోటీల్లో ఎక్కువమంది వాడేది అదే, కానీ చివరి లేయర్‌కే, పై రంగు తేవడానికి 57, ముక్కల చోట్లు సర్దడానికి 21, కలిపి 78 ఫార్ములాలు. నిజానికి అదే పనిని ఇంకా చిన్న అంచెలుగా చేస్తే 16తో కూడా మొదలుపెట్టొచ్చు, ఆ మాట చెప్పకుండా పిల్లల చేతిలో మొత్తం చార్ట్ పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు.

బట్టీ పడని పిల్లలకి నేను చెప్పేది రూ పద్ధతి. ఫ్రాన్స్‌కు చెందిన జిల్ రూ 2003లో తయారుచేశాడు. ఇందులో లేయర్లు కట్టరు. ముందు ఎడమ పక్క కింద రెండు వరసలు, అంటే ఆరు గళ్ళంత బ్లాక్ కడతారు, తర్వాత కుడి పక్క అలాంటిదే ఇంకొకటి. ఈ రెండిటికీ ఫార్ములా అంటూ లేదు, ఏ ముక్క ఎక్కడుందో చూసి, దాన్ని ఎలా తేవాలో ఆలోచించడమే. తర్వాత పైన నాలుగు మూలలు. వీటికి పూర్తి లెక్క 42 ఫార్ములాలు గానీ మీవాడు కంగారు పడక్కర్లేదు, మూలలు తిప్పడానికి సూన్ అనే ఫార్ములా, చోటు మార్చడానికి జే పర్మ్ అనే ఇంకోటి, ఈ రెండూ మళ్ళీ మళ్ళీ చేస్తే పని అయిపోతుంది. ఇక మిగిలిన ఆరు అంచు ముక్కలూ నడిమి నిలువు వరసనీ పై వరసనీ మాత్రమే తిప్పుతూ సర్దేస్తారు. అక్కడే ఈ పద్ధతి అందం తెలుస్తుంది! మొత్తం తిప్పడాలు కూడా సీఎఫ్ఓపీ కంటే తక్కువే, బాగా అలవాటైనవాళ్ళకి యాభైకి అటూ ఇటూ.

కష్టం ఎక్కడంటే, నడిమి వరసని వెనకనుంచి ఉంగరం వేలితో లాగాలి. బిగుసుకుపోయిన పాత క్యూబ్‌తో అది రాదు, వేళ్ళు నొప్పి పుడతాయి, కాబట్టి మాగ్నెట్లున్న క్యూబ్ ఒకటి కొనిపెట్టండి. మొదటి కొన్ని వారాలు ఇప్పటికంటే నెమ్మదిస్తాడు కూడా, అప్పుడు ఫ్రెండ్స్‌తో పోల్చకండి.

స్వీడన్‌కు చెందిన లార్స్ పెట్రస్ పద్ధతి కూడా ఉంది, చిన్న 2×2×2 బ్లాక్‌తో మొదలై పెరుగుతుంది. ఆలోచించడం నేర్పడంలో అది గొప్పది, వేగానికి మాత్రం నా ఓటు రూకే. జెడ్‌జెడ్ అని ఇంకోటుంది, అందులో అంచు ముక్కల దిక్కు మొదట్లోనే కనిపెట్టాలి, ఏడో తరగతి పిల్లాడికి ఇప్పుడే వద్దు.

మొదటి రెండు వారాలు టైమర్ ముట్టుకోనివ్వకండి. ఎడమ బ్లాక్ ఒక్కటే కట్టించండి, కట్టగానే క్యూబ్‌ని కలగాపులగం చేసి మళ్ళీ. పోటీల్లో తిప్పకముందు క్యూబ్ చూసుకోవడానికి 15 సెకన్లు ఇస్తారు, ఆ 15 సెకన్లలో ఎడమ బ్లాక్ మొత్తం మనసులో కట్టేసుకోగలిగిన రోజు మళ్ళీ రాయండి, కుడి బ్లాక్ సంగతి అప్పుడు వివరంగా చెప్తాను.