ఆ పాత ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వకండి

ప్రశ్న: మా తోడల్లుడికి రెండేళ్ల నాలుగు నెలల క్రితం 1,50,000 రూపాయలు చేబదులు ఇచ్చాను. ఒకరోజు 90,000, మర్నాడు 60,000 యూపీఐలో పంపాను. ఇంటివాడే కదా అని నోటు రాయించుకోలేదు. ‘సంక్రాంతికి సర్దేస్తా అన్నయ్యా’ అంటూ అతను పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. నా ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయింది, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకుందామనుకుంటున్నాను. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. కోర్టులో అవి చెల్లుతాయా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ ఎక్స్ఛేంజ్ ఆపండి. పాత ఫోన్‌కి షాపువాళ్లు ఏ రెండు వేలో ఇస్తారు. మీ లక్షన్నరకు నోటు లాంటిది ఆ ఫోనే. ఉబ్బిన బ్యాటరీతో ఛార్జింగ్ పెట్టకుండా, సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఒక్కటే మార్పించండి. డేటా చెరపొద్దని ముందే గట్టిగా చెప్పండి.

స్క్రీన్‌షాట్ పనికిరాదని కాదు, ఒంటరిగా నిలబడదు. దాని మీద పైన కనిపించే పేరు ఎవరు పెట్టింది? మీరే. ఏ నంబర్‌కైనా ఆ పేరు పెట్టి సేవ్ చేసుకోవచ్చు. ఎదుటి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే, ఆ పక్షాన ఉంటే నేనూ ఇదే అడుగుతాను. అందుకే ఆ పేరు మీద నొక్కితే నంబర్ కనిపించే పేజీ కూడా చాట్‌తో పాటు ఉండాలి.

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం, అంటే కోర్టు సాక్ష్యాల కొత్త చట్టం, అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ దాఖలు చేయాలంటే దాని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. పాత చట్టంలో అందరూ 65బి అనేవారే, దాని వారసురాలు ఇది. ఇప్పుడు దీనికి రెండు భాగాలు: ఒకదాని మీద మీరు, రెండోదాని మీద నిపుణుడు సంతకం చేయాలి. అసలు ఫోన్‌నే కోర్టుకు తెచ్చి, అది నాదేనని యజమాని బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు పాత 65బి మీద ఇచ్చిన తీర్పులో చెప్పింది. ఫోన్ అమ్మొద్దని మొత్తుకునేది ఇందుకే. నా సలహా అడిగితే, ఫోనూ ఉంచండి, సర్టిఫికెట్టూ పెట్టండి.

ఆ సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. పేరు విని కంగారు పడకండి, అది ఫైలుకి వేలిముద్ర లాంటిది. చాట్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కితే టెక్స్ట్ ఫైలు వస్తుంది. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌ని దాని మీద ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో నడిపితే 64 అంకెలూ అక్షరాలూ కలిసిన వరుస వస్తుంది, అదే హ్యాష్ విలువ. ఫైల్లో ఒక్క కామా మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. కాబట్టి అక్షర దోషాలు దిద్దుదామని కూడా ఆ ఫైలు ముట్టుకోకండి. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి. అతను డిలీట్ చేస్తాడేమోనన్న టెన్షన్ అక్కర్లేదు, అందరికీ కనపడకుండా చెరిపే గడువు రెండున్నర రోజులే.

బ్యాంకు ముద్ర వేసిన స్టేట్‌మెంట్ కూడా తీసుకోండి. డబ్బు వెళ్లిందని అది నిరూపిస్తుంది గానీ అప్పుగా వెళ్లిందని నిరూపించదు. ‘నాకివ్వాల్సిన పాత బాకీ తీర్చాడు’ అని అతను అనవచ్చు, ఇలాంటి దావాల్లో సాధారణంగా వినిపించే మాటే అది. ఆ నోరు మూయించేది ‘సర్దేస్తా’ అన్న మెసేజే.

ఇక గడువు. నోటు లేని చేబదులుకి ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. ఆ తర్వాత కాలదోషం పడుతుంది, అంటే ఇక దావా చెల్లదు. మీకు ఎనిమిది నెలలే ఉన్నాయి. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, దావా వేస్తేనే ఆగుతుంది. నోటీసు అందగానే చుట్టాలు రాజీకి వస్తారు, రానివ్వండి. అయితే మాట మీద వదలకుండా, బాకీ ఉన్నానని రాసి సంతకం చేసిన కాగితం అతని దగ్గర తీసుకోండి. ఈ ఎనిమిది నెలల లోపు అది చేతికొస్తే, సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు లెక్కలోకి వస్తుంది.