ఆర్‌జీ-213 యాంటెన్నా కేబుల్‌కు పీఎల్-259 కనెక్టర్ సోల్డర్ చేస్తే షార్ట్ ఎందుకొస్తోంది?

"నల్గొండలో మా బంగ్లా మీద హ్యామ్ రేడియో రెండు మీటర్ల బ్యాండ్ యాంటెన్నా పెట్టాను. 25 వాట్ల ఐరన్‌తో పీఎల్-259 సోల్డర్ చేస్తే ప్రతిసారీ షార్ట్. క్రింప్‌కు మారాలా?" అని ఒకరు అడిగారు. అక్కర్లేదు, ముందు ఐరన్ మార్చండి. క్రింప్, అంటే సోల్డర్ లేకుండా నొక్కి బిగించడం, మంచిదే గానీ ఆ కేబుల్‌కు సరిపడే డై (అచ్చు) ఉన్న టూల్ కావాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే అది క్రింప్ కాదు.

25 వాట్లది సర్క్యూట్ బోర్డులకు. కనెక్టర్ ఒళ్లంతా ఇత్తడి, ఇచ్చిన వేడి ఇచ్చినట్టే లాగేస్తుంది. సీసం (సోల్డర్) కరగట్లేదని అలాగే ఆనించి కూర్చుంటారు. 60/40 (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) సోల్డర్ పూర్తిగా కరగాలంటే 190 డిగ్రీల దాకా కావాలి, లోపలి పాలిథిన్ 110 దగ్గరే మెత్తబడుతుంది. మధ్య తీగ పక్కకు జరిగి చుట్టూ ఉన్న తీగల అల్లికను, అంటే జాలీని తాకుతుంది, అదే షార్ట్. 100 వాట్లది, వెడల్పు మొనది, బాగా కాగనిచ్చి పెడితే కనెక్టర్ మీది ఒక్కో రంధ్రం కొద్ది సెకన్లలో అయిపోతుంది.

ముందు కనెక్టర్ బయటి రింగును కేబుల్‌కు ఎక్కించండి. ఇది మరిచిపోతే పనంతా మళ్లీ మొదటికే. నల్ల తొడుగు 28 మిల్లీమీటర్లు తీయండి, జాలీకి గాటు పడొద్దు. జాలీ విప్పకుండా పైన పల్చగా సీసం పూసి, చల్లారాక తొడుగు నుంచి 11 మిల్లీమీటర్ల దగ్గర చుట్టూ కోయండి. అక్కడి నుంచి పాలిథిన్ ఒకటిన్నర మిల్లీమీటరు మిగలాలి, ఆ పైన 16 మిల్లీమీటర్లు ఉత్త రాగి. ఆ రాగి ఏడు పోగులు. మెలేసి సీసం పట్టించండి, ఒక్క పోగు బయటికొచ్చినా షార్టే. కనెక్టర్‌ను తిప్పుతూ ఎక్కించాక నాలుగు రంధ్రాల్లోంచి సీసం పూసిన జాలీ కనబడాలి. జాలీ కాకుండా పాలిథిన్ గానీ ఉత్త రాగి గానీ కనిపిస్తే ఇంకా లోపలికి పోలేదన్నట్టు.

మిలమిల మెరిసే నికెల్ పూత కనెక్టర్లు కొనకండి, వాటి మీద సీసం ముత్యాల్లా దొర్లిపోతుంది. కొనేశారా, రంధ్రాల చుట్టూ ఇత్తడి తేలేదాకా ఆకురాయితో గీకండి. వెండి పూతది, లోపల తెల్ల టెఫ్లాన్ ఉన్నది అడగండి. మామూలు ప్లాస్టిక్ అయితే కరిగి పిన్ను ఒరుగుతుంది. మిగిలిపోయిన టీవీ కేబుల్‌తో సరిపెట్టే వాళ్లకో మాట: దాని జాలీ ఎక్కువగా అల్యూమినియం, సీసం అంటదు, పైగా అది 75 ఓమ్స్, రేడియోకు కావాల్సిన 50 కాదు.

షార్ట్ ఉందో లేదో మల్టీమీటరు పెట్టి చూసేటప్పుడు కేబుల్‌ను యాంటెన్నా నుంచి విప్పండి. జె-పోల్, ఫోల్డెడ్ డైపోల్ లాంటి యాంటెన్నాలు బాగున్నా షార్టే చూపిస్తాయి. మీది అదే అయితే ఇన్ని కనెక్టర్లు ఊరికే కోసినట్టు.

అసలు శత్రువు వాన. నీళ్లు జాలీ వెంట లోపలికి పాకి రాగిని నల్లబరుస్తాయి. కేబుల్‌లో నష్టం పెరిగేకొద్దీ రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ తిరిగొస్తోందో చెప్పే కొలత) ఇంకా బాగా కనిపిస్తుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. ఉత్త పీవీసీ టేపు మన మే నెల ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. ముందు సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపును (తనకు తానే అతుక్కుని ఒక్కటైపోయే రబ్బరు టేపు) సాగదీస్తూ కింది నుంచి పైకి, పెంకులు పేర్చిన లెక్క చుట్టండి, దాని మీద పీవీసీ. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి వంపు తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతాయి.