నీళ్ల గ్రహం కథ గురించి

విజయవాడ

తమ్ముడికి,

బుక్ ఫెస్టివల్‌లో నువ్విచ్చిన కథ చదివాను. గుంటూరులో కూర్చుని నీళ్లకు రేషన్ ఉన్న గ్రహాన్ని ఊహించావు, అక్కడి వీధులు కళ్లకు కట్టాయి. కానీ మూడో పేజీలో కొడుకు పోయాడన్న కబురు వింటుంది తల్లి. "వాళ్ల జాతికి భావోద్వేగాలు లేవు" అని ఒక్క వాక్యం రాసి ఆమెను పనికి పంపేశావు. కథ అక్కడే ఆగిపోయింది. ఏమీ అనిపించని తల్లి గురించి చెప్పడానికి మనకేం మిగులుతుంది?

'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్‌లో వల్కన్లని ఒక గ్రహాంతర జాతి ఉంది. వాళ్లకు మనసే లేదనుకుంటారు చాలామంది. నిజానికి వాళ్ల ఆవేశాలు మనకంటే తీవ్రమైనవి. ఒకప్పుడు ఆ ఆవేశాలతోనే ఒకరినొకరు చంపుకున్నారు, తర్వాత సురాక్ అనే వాళ్ల తత్వవేత్త చూపిన తర్కం దారి పట్టారు. అణచుకోవడం వాళ్లకు పుట్టుకతో వచ్చింది కాదు, రోజూ చేసే సాధన.

1967లో వచ్చిన 'జర్నీ టు బేబెల్' ఎపిసోడ్ వీలైతే చూడు. డి.సి. ఫొంటానా రాశారు. అందులో సగం వల్కన్ అయిన స్పాక్, తండ్రి కోరిన సైన్స్ అకాడమీ కాదని, అంతరిక్ష ఓడల దళమైన స్టార్‌ఫ్లీట్‌లో చేరాడు. 18 ఏళ్లు ఇద్దరూ తండ్రీకొడుకుల్లా మాట్లాడుకోలేదు. కోపమే లేని జాతికి అంత పంతం ఎక్కడిది? ఇప్పుడు తండ్రి సారెక్‌కి గుండె ఆపరేషన్, కొడుకు రక్తం ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే స్పాక్ పనిచేసే ఓడ కెప్టెన్ కత్తిపోటుతో పడిపోయాడు. ఓడ బాధ్యత వదిలి రానంటాడు స్పాక్. భూమి మనిషైన తల్లి అమాండా అతని చెంప మీద కొట్టి వెళ్లిపోతుంది. మూసుకున్న ఆ తలుపు మీద అతను చెయ్యి ఆనిస్తాడు. అంతే, మాటలేదు. నాకు ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది.

మన నాన్నల్లోనూ ఇలాంటివాళ్లున్నారు. కొడుకుని హైదరాబాద్ బస్సెక్కించడానికి నెహ్రూ బస్టాండ్‌కి వచ్చి, ఒక్క ముక్క మాట్లాడకుండా బస్సు కదిలేదాకా నిలబడతారు. అయితే అలాంటి నాన్నని తీసుకెళ్లి నీ గ్రహం మీద దింపకు. ఆ జాతికి తనదైన కట్టుబాటు కావాలి. అది ఎవరు పెట్టారు, తప్పితే ఏమవుతుంది, ఇంటి తలుపు వేశాక ఎంత సడలుతుంది అన్నవి ముందు నీకు తెలియాలి.

నీ కథలో చెల్లెలు ఏడ్చే పేరా తీసెయ్. తల్లిని పనికే పంపు, అది బాగుంది. చనిపోయినవాడి నీళ్ల వాటా ఆ సాయంత్రమే వాపసు ఇవ్వాలని చట్టం పెట్టు. ఆమె మర్నాడు ఇస్తుంది. ఎందుకు ఆలస్యమైందని గుమాస్తా అడిగితే తడుముకోకుండా ఒక కారణం చెబుతుంది. అది అబద్ధమని పాఠకుడికి తెలియాలి, గుమాస్తాకీ తెలియాలి. అతను రిజిస్టర్‌లో ఏ తేదీ వేస్తాడో నువ్వే తేల్చు.

తిరగరాశాక టైప్ చేసి పంపు.

అక్క