స్పీచ్ థెరపిస్టుగా పని మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వృత్తికి తొలినాళ్లలో బాట వేసినవారిలో ఒకరైన లయొనెల్ లోగ్ జీవితాన్ని శ్రద్ధగా చదవమని ముందుగా కోరుతున్నాను. 1880లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టిన ఆయన, వక్తృత్వం నేర్పే ఉపాధ్యాయుడిగా ఉంటూనే, మొదటి ప్రపంచయుద్ధంలో మాట దెబ్బతిని తిరిగివచ్చిన సైనికులకు సాయపడి అనుభవం గడించి, 1924లో లండన్ చేరి హార్లే స్ట్రీట్‌లో చికిత్స ప్రారంభించారు. తరువాతి కాలంలో ఆరవ జార్జ్ పేరుతో బ్రిటన్ రాజుగా పట్టాభిషిక్తుడైన రాకుమారుడు యార్క్ డ్యూక్, 1926లో నత్తి బాధతో ఆయనను ఆశ్రయించారు.

రాజు సంగతి కంటే లోగ్ పనితీరు నీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఊపిరి తీసుకునే పద్ధతిని సరిదిద్దడం, రోజూ ఇంట్లో సాధన చేయించడం, ప్రసంగ పాఠాన్ని ముందే చదివి తడబడే మాటల స్థానంలో సులువైనవి చేర్చి, ఆగవలసిన చోట గుర్తులు పెట్టడం ఆయన చేసిన పనులు. 1939 సెప్టెంబరు 3న రాజు యుద్ధవార్తను రేడియోలో దేశానికి చెబుతున్నప్పుడు కూడా లోగ్ అదే గదిలో ఉన్నారు. తొలి పరిచయమైన పదమూడేళ్లకు కూడా ఆ తోడు అవసరమైందని గమనించు. కనుక నత్తిని పూర్తిగా పోగొడతానని ఎవరికీ మాట ఇవ్వకు. మాట్లాడాలంటే కలిగే భయాన్ని తగ్గించడమే చాలామందికి గొప్ప మేలు.

లోగ్‌కు వైద్య పట్టా లేదన్న విషయాన్ని మాత్రం ఆదర్శంగా తీసుకోవద్దు. ఆనాడు ఈ విద్యకు స్థిరమైన శిక్షణ లేదు. ఆ లోటు ఎరిగినవాడు కనుకనే ఆయన 1935లో బ్రిటిష్ సొసైటీ ఆఫ్ స్పీచ్ థెరపిస్ట్స్ స్థాపించారు. నీకు దొరికిన చదువును వదులుకోకుండా, కొత్త పరిశోధనలను ఏటేటా చదువుతూ ఉండు.

ఎదుటివారు ఒక మాట దగ్గర ఆగిపోయినప్పుడు నువ్వు దానిని పూర్తి చేయకు. తల్లిదండ్రులు ప్రేమతోనే "నెమ్మదిగా మాట్లాడు" అంటారు గాని, ఆ హెచ్చరిక వల్ల బిడ్డ దృష్టి చెప్పదలచిన విషయం మీద నుంచి తన తడబాటు మీదికి మళ్లుతుంది. ఈ సంగతిని వారిని నొప్పించకుండా వివరించు. మొదటి రోజున పరీక్షల కాగితాలు తీయడానికి ముందు, ఎవరి దగ్గర మాట సులువుగా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వారి నోటనే విని రాసుకో.